కొల్లేటికి నా బాకీ
(ఏలూరులో జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించైతే గంటసేపు మాట్లాడగలను. కార్యదర్శిగారు పర్యావరణం గురించి మాట్లాడమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను, ఫైళ్లు నడిపిన గుమాస్తాను. అయినా కొల్లేటికి నేనొక బాకీ ఉన్నాను కనుక ఒప్పుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970 ప్రాంతంలో, లంకలకు క్యాంపు వెళ్లాలంటే తాటిదోనే గతి. దోనె నడిపే ఆయన ఆ నీళ్లే దోసిలితో తాగేవాడు, నేనూ తాగాను. తర్వాత చేపల చెరువుల రోజులు వచ్చాయి. ఆ కాగితాలు కొన్ని నా బల్ల మీదుగానూ వెళ్లాయి. సర్వే నంబరు, విస్తీర్ణం సరిపోయాయా అని చూశానే గాని, కట్ట వేస్తే నీళ్లు ఎటు పోతాయని నోట్‌ఫైల్లో ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పళ్లెం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే నీరు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. ఆ దారికి అడ్డంగా గుర్రపు డెక్క. తాడేపల్లిగూడెం మిత్రులు కాలువల్లో రోజూ చూసేదే. ఊదా పూలు చూసి మా మనవరాలు "ఎంత బాగున్నాయి తాతయ్యా" అంది. నిజమే, దక్షిణ అమెరికా నుండి అందం కోసం తెచ్చుకున్న మొక్కే అది. తల్లి మొక్క నుంచి తీగ సాగి పిల్ల మొక్క పుడుతుంది. నీటిలో సారం ఉంటే రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. చెరువుల మేత, పొలాల ఎరువు, మన ఊళ్ల మురుగు దానికి పెట్టుపోతలు. పైన చాపలా పరుచుకుంటే కిందికి వెలుతురు పోదు, ప్రాణవాయువు తగ్గి చేప తేలిపోతుంది. ఏటా తీయిస్తారు, ఏటా వస్తుంది. కొల్లేటి చాంతాడంటే ఇదే కాబోలు!

వేసవిలో పైనుంచి నీరు రాకపోతే పోటుకు ఉప్పునీరు ఉప్పుటేరులో ఎగువకు ఎక్కుతుంది. సముద్ర మట్టం పెరిగేకొద్దీ అది మరింత లోపలికి వస్తుంది. వానలా, కురిస్తే ఒక్కసారే కుండపోత. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు కొల్లేటికే చేరింది.

ఇక నా బాకీ. 1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఇవన్నీ తెలిసి కూడా, 2005లో రిటైరై, గ్రాట్యుటీలో సగం అక్కడే ఒక చెరువు లీజులో పెట్టాను. అందరూ పెడుతున్నారు కదా అని. 2006లో ఆపరేషన్ కొల్లేరులో కట్టలు తెగ్గొట్టారు. మా ఆవిడ నెల రోజులు మాట్లాడలేదు. డబ్బు పోయినందుకు ఎవరినీ అనను. అయితే ఆ చెరువు మీద కాపలా కూలి ఎవరో తెలుసా? నాకు దోసిలితో నీళ్లు తాగడం చూపించిన దోనె ఆయన కొడుకు. తండ్రి వల వేసి బతికిన నీళ్లమీద అతను నా చేపలకు కాపలా కాశాడు.

లంకల్లో పనిచేసిన సభ్యులు ఆనాటి నీటి హద్దులు, కాలువ దారులు గుర్తున్నంత వరకు రాసి ఇస్తే, కలెక్టరుగారికి మన సంఘం ఇచ్చే మహజరుకు జతచేద్దాం. నా కాగితం రెండు పేజీలు వచ్చింది. కార్యదర్శిగారికి ఇప్పుడే ఇస్తున్నాను. సెలవు.