మరలి వచ్చు జ్వరములు: కషాయము, రక్తపరీక్ష

(మునిసిపల్, తాలూకా అధికారుల సభకై సిద్ధపరచబడిన ఉపన్యాసము)



వర్షములు వెనుకబట్టిన పిమ్మట ఒక కూలివానికి చలి పుట్టి జ్వరము వచ్చును. ఇంటివారు శొంఠి, మిరియాలు, తులసియాకులు వేసి కషాయము కాచి త్రావింతురు. కొన్ని గంటలకు చెమటలు పోసి జ్వరము దిగును. ఒడలి నొప్పులు కొంత నిలుచును. మరునాడు అతడు పనికి పోవును. ఆ మరునాడు ఇంచుమించుగా అదే వేళకు మరల వణకు పుట్టును. మరల కషాయము, మరల చెమట, మరల ఉపశమనము. ఇట్లు మూడు నాలుగు మారులు జరిగినగాని ఆస్పత్రి తలపునకు రాదు. ఆ లోపల రోగి రక్తము క్షీణించును. అతనిని కుట్టిన దోమల వలన రోగము ఇరుగుపొరుగులకు వ్యాపించును.

ఇందు కషాయము చేసిన కీడు లేదు. జ్వరము దిగుటను కషాయ ఫలమని నమ్ముటయే కీడు.

ఇట్టి జ్వరములను ప్రాచీన వైద్యులు ఎరుగనివారు కారు. చరకసంహిత వీనిని విషమజ్వరములని పేర్కొని, సంతతము, సతతకము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకము అని అయిదు విధములుగా విభజించినది. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము. రెండు దినములు విడిచి వచ్చునది చతుర్థకము. రోగి చెంత కూర్చుండి కనిపెట్టినవారే ఇంత సూక్ష్మముగా గణింపగలరు. అయితే ఆ గడువులకు కారణము చాలకాలమునకుగాని తెలియలేదు. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమునందు మలేరియా క్రిమిని చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపునందు దానిని కనుగొనెను. ఈ క్రిములు ఎర్ర రక్తకణములలో పెరిగి, వానిని పగులగొట్టుకొని వెలువడునప్పుడు చలియు జ్వరమును పుట్టును. వైవాక్స్ జాతికి ఈ గడువు సుమారు 48 గంటలు. మలేరియే జాతికి సుమారు 72 గంటలు. నడుమ జ్వరము తనంతటనే దిగును. మందు త్రావించినను, త్రావింపకున్నను అది దిగియే తీరును. కావున జ్వరము దిగుట ఏ ఔషధమునకును యోగ్యతాపత్రము కాజాలదు. రక్తములో క్రిమి నశించినదా లేదా అనునదే పరీక్ష.

దేశీయ వైద్యమునకు తన స్థానము కలదు. తుంగముస్తలు, పర్పాటకము, వట్టివేళ్లు, చందనము, కురువేరు, శొంఠి వేసి కాచి చల్లార్చిన షడంగపానీయము జ్వరరోగి దాహమునకు శాస్త్రము చెప్పినది. కాచిన నీరు త్రాగుట నేటి వైద్యమునకును సమ్మతమే. పలుచని గంజి, జావ, విశ్రాంతి రోగికి మేలు చేయును. లంఖణము పరమౌషధమను సామెతను మాత్రము మితి మీరి పాటింపరాదు. శాస్త్రము లంఖణమును క్రొత్త జ్వరమునకే విధించి, క్షీణించినవారికి నిషేధించినది; జీర్ణజ్వరమునకు పాలు, నేయి చెప్పినది. నెల దినములుగా జ్వరపడుచున్న బిడ్డను పస్తుంచుట ఆయుర్వేదము కాదు.

దేశీయౌషధములు పరీక్షింపబడకపోలేదు. ఏడాకులపాల బెరడు, కటుకరోహిణి, కిరాతతిక్తము, గచ్చకాయ గింజలతో కేంద్ర ప్రభుత్వపు ఆయుర్వేద పరిశోధన మండలి ఆయుష్-64 అను ఔషధమును మలేరియాకై సిద్ధపరచెను. దానిని వైవాక్స్ రోగులయందు క్లోరోక్విన్‌తో పోల్చిన పరీక్ష 2000లో ప్రకటితమయ్యెను. 28వ దినము నాటికి క్లోరోక్విన్ పొందినవారందరు స్వస్థులైరి. ఆయుష్-64 పొందినవారిలో స్వస్థులైనవారు సగమునకు లోపే. చీనా దేశమున తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు నాల్గవ శతాబ్దపు వైద్యగ్రంథములోని సూచనను పట్టుకొని, ఒక మూలికనుండి ఆర్టెమిసినిన్‌ను వేరుచేయు మార్గమును 1971లో కనుగొని, 2015లో నోబెల్ బహుమానము పొందెను. ప్రాచీన గ్రంథము దారి చూపెను. పరీక్ష దానిని ఔషధముగా చేసెను. పరీక్ష మూలికకు శత్రువు కాదు.

ఆలస్యమువలన కలుగు ప్రమాదము స్వల్పము కాదు. ఫాల్సిపారం జాతి క్రిమి మెదడునకు ప్రాకి కొద్ది దినములలోనే ప్రాణము తీయగలదు. గర్భిణులకును, పసిపిల్లలకును భయము హెచ్చు. ఒడలు విరిచినట్లు నొప్పులు పెట్టు జ్వరము డెంగీ కావచ్చును. అప్పుడు ఆస్పిరిన్ ఇచ్చిన రక్తస్రావము కలుగవచ్చును. రెండు వారములు మించిన జ్వరమునకు దగ్గు తోడైన క్షయ పరీక్ష అవశ్యము. త్రిభువనకీర్తి రసము వంటి ఔషధములలో ఇంగిలీకము, వత్సనాభి కలవు గనుక అవి అంగడిలో కొని మింగదగినవి కావు.

కావున అధికారులు చేయదగినవి ఇవి.

ఒకటి: గ్రామ వైద్యుని గద్దించుట వలన ప్రయోజనము లేదు. రోగి మొదట పోవునది అతని వద్దకే. కషాయమిచ్చిన నాడే రక్తపరీక్షకు పంపునట్లు అతనిని ఒప్పింపవలెను.

రెండు: ఆశా కార్యకర్త వద్ద పరీక్షా సాధనములు, మాత్రలు తరుగకుండ చూడవలెను. వైవాక్స్ క్రిమి కాలేయములో దాగి, నెలల తరువాత మరల లేచును. అందులకే మూడు దినముల క్లోరోక్విన్‌తో పాటు 14 దినముల ప్రిమాక్విన్ విధింపబడినది. గర్భిణులకును, శిశువులకును అది కూడదు. నాల్గవ నాడు సుఖముగా నున్న రోగి మాత్రలు మానివేయును. పదునాలుగవ దినము వరకు అతని యింటికి పోయి విచారించుటయే చికిత్సలో కష్టమైన భాగము.

మూడు: పట్టణములలో మలేరియా దోమ మేడలమీది నీటితొట్లలోను, బావులలోను పెరుగును. మూతలు వేయించుట, వారమునకొకమారు తొట్లు ఖాళీచేయించుట మునిసిపాలిటీల పని.

నాలుగు: జ్వరములు కుదుర్చునని ఔషధములను ప్రకటించుటను 1954 నాటి చట్టము నిషేధించినది. అట్టి ప్రకటనలు గోడలపై కనబడిన ఉపేక్షింపరాదు.

శొంఠి కషాయమును వంటయింటినుండి వెడలగొట్ట నెవరికిని పనిలేదు. అది రోగికి హాయి నిచ్చుచుండగా, అతని వ్రేలినుండి ఒక్క బొట్టు రక్తము పరీక్షకు చేరవలెను. ఆ రెండును ఒక్కనాడే జరిగిన గ్రామములో మరలి వచ్చు జ్వరము ఇంటినుండి ఇంటికి ప్రాకుటకు ఎడము దొరకదు.