నెలనెలా వచ్చే సొమ్ము - మెట్ట రైతు కుటుంబం



మెట్ట రైతు ఇంట్లో రాబడి ఏడాదికి ఒకసారి వస్తుంది. ఖర్చు మాత్రం ప్రతి నెలా వస్తుంది. ఆ ఇంటి కష్టాల్లో పెద్ద పాలు ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం వల్లనే. ఈమధ్య కాలంలో ప్రభుత్వాలు పల్లె కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో నేరుగా వేస్తున్న సొమ్ము ఆ ఎడాన్ని ఎంతవరకు పూడుస్తుంది, ఎక్కడ పూడ్చలేకపోతుంది అన్నది ఈనాటి మన ప్రసంగ విషయం.

కర్ణాటకలోని కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో, ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి తాలూకాల వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే పల్లెలు ఎన్నో ఉన్నాయి. జీవనది లేని నేల అది. చెరువు నిండితే వరి, నిండకపోతే రాగి, చెనక్కాయ. మచ్చుకు అక్కడ ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. రెండెకరాల మెట్ట, ఒక ఆవు, భార్యాభర్తలు, బడికి పోయే పిల్లలిద్దరు, ఒక ముసలమ్మ. రాగులు తిండికి, చెనక్కాయలు అమ్మకానికి. పంట చేతికొచ్చేది కార్తీక, మార్గశిర మాసాల్లో. మరి చేతిలో డబ్బు కావలసింది ఎప్పుడు? జూన్‌లో. విత్తనాలు, ఎరువు అప్పుడే కొనాలి. బడి తెరిచేదీ అప్పుడే. వానలతో పాటు జ్వరాలు వచ్చేదీ అప్పుడే. ఇంట్లో రాగుల మూటలు అడుగంటేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

అప్పుడు ఆ ఇంటాయన అంగడి సావుకారు దగ్గరికి వెళ్తాడు. 6,000 రూపాయలు అడుగుతాడు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అనుకున్నా, ఆరు నెలలకు 1,080 రూపాయలు అవుతుంది. ఐదు రూపాయల వడ్డీ అయితే 1,800. ఇది కాగితం మీద కనిపించే నష్టం. కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. అప్పిచ్చిన మనిషే చెనక్కాయలు కొనేవాడు కూడా అయితే, పంట కళ్ళంలో ఉండగానే బండి తెచ్చి నిలబెడతాడు. ఊరందరి పంటా ఒకేసారి సంతకు వచ్చిన రోజుల్లో ధర పడిపోయి ఉంటుంది. నాలుగు మూటలు దాచుకుని, ధర తెలుసుకుని అమ్ముకుందామన్నా అప్పున్నవాడికి ఆ వీలు లేదు. వడ్డీ కంటే ఇదే ఎక్కువ దెబ్బ అని నా అభిప్రాయం.

డబ్బు లేని కాలం మనిషి ఆలోచననూ నలిపేస్తుంది. తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల చెరకు రైతులు 464 మందిని కొందరు పరిశోధకులు కోతకు ముందొకసారి, కోత తర్వాత ఇంకొకసారి పరీక్షించారు. 2013లో ఆ ఫలితాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. అదే రైతు, అదే బుర్ర. కాని డబ్బు చేతిలో లేని కోతకు ముందు రోజుల్లో ఆలోచనకు పెట్టిన పరీక్షల్లో వెనకబడ్డాడు. చెరకు డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. రైతుకు తెలివి తక్కువ, అందుకే చెడిపోతున్నాడు అని పట్నంలో అనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

ఇక క్రమం తప్పకుండా వచ్చే చిన్న మొత్తం ఏం చేస్తుందో మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. పాల డెయిరీ బటవాడా వారికి తెలుసు. వారానికో పదిహేను రోజులకో వచ్చే ఆ కాస్త సొమ్ముతోనే నూనె, చింతపండు, పిల్లవాడి బస్సు ఖర్చు నడుస్తాయి. పంట డబ్బు అప్పులకు పోతుంది, పాల డబ్బు ఇంటిని నడుపుతుంది. కాకపోతే ఆవు ఎల్లకాలం పాలివ్వదు. వట్టిపోయిన నెలల్లో మళ్ళీ మొదటికే వస్తుంది.

కర్ణాటకలో 2023 ఆగస్టు 30న మొదలైన గృహలక్ష్మి పథకం కింద, రేషను కార్డులో ఇంటి యజమానురాలిగా పేరున్న స్త్రీకి నెలకు 2,000 రూపాయలు. తమిళనాడులో అదే ఏడాది సెప్టెంబరు 15న మహిళలకు నెలకు 1,000 రూపాయల పథకం మొదలైంది. మహారాష్ట్రలో 2024లో నెలకు 1,500 రూపాయలతో ‘లాడ్కీ బహిణ్’ వచ్చింది. ఒడిశాలో 2024 సెప్టెంబరు 17న మొదలైన సుభద్ర పథకం వేరే దారి పట్టింది. అక్కడ ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతలుగా ఇస్తారు. ఇవి కాక కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పి.ఎం. కిసాన్ ఉంది. నాలుగు నెలలకొకసారి 2,000 చొప్పున, ఏడాదికి 6,000. సరిహద్దుకు ఆవల మన వియ్యాలవారి ఊళ్ళలో ఇంత ఇస్తున్నారు, ఇక్కడ ఇంతే అని పోల్చుకోవడం మనకు అలవాటే. నేను మాత్రం ఎంత అన్న ప్రశ్న కంటే ఎప్పుడు అన్న ప్రశ్న ముఖ్యమంటాను.

ఎందుకో చెబుతాను. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో పేద పల్లె కుటుంబాలకు ఒక సంస్థ షరతులు లేకుండా డబ్బిచ్చింది. కొందరికి నెలనెలా, కొందరికి మొత్తం ఒకేసారి. 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఒకేసారి అందుకున్నవారు ఇంటి కప్పు, సామాను వంటి నిలిచే వస్తువుల మీద ఎక్కువ పెట్టారు. నెలనెలా అందుకున్నవారి ఇళ్ళలో తిండికి కరువు తగ్గింది. రెండింటిలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కాదు. రేకుల కప్పు కావాలంటే గంపగుత్త సొమ్ము కావాలి, పూట గడవాలంటే నెలసరి సొమ్ము కావాలి. మన దేశంలోనే మధ్యప్రదేశ్‌లో 2011లో మొదలుపెట్టి ఏడాదిన్నర పాటు, కొన్ని పల్లెల్లో మనిషికి నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100 చొప్పున ఇచ్చి చూశారు. ‘సేవా’ మహిళా సంఘం నడిపిన ప్రయత్నం అది. తర్వాత ఆ మొత్తాలను 300కు, 150కి పెంచారు. అక్కడ పిల్లల బరువు మెరుగుపడింది, మేకలు, కోళ్ళు పెరిగాయి. ముఖ్యంగా గిరిజన గ్రామంలో కూలికి పోయేవారు తమ సొంత చేలో ఎక్కువ రోజులు పనిచేసుకోగలిగారు. అదునులో తన చేను వదిలి పక్కవాడి చేలో కలుపు తీయవలసిన అవస్థ ఎలాంటిదో పడినవారికే తెలుసు.

డబ్బిస్తే తాగుడుకు పోతుంది అన్న మాట ఎప్పుడూ వినబడుతుంది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఇద్దరు వివిధ దేశాల 19 అధ్యయనాలను దగ్గర పెట్టుకుని 2014లో సమీక్షించారు. ఇలాంటి సొమ్ము వల్ల సారాయి, పొగాకు ఖర్చు పెరిగినట్టు కనబడలేదని తేల్చారు. తాగేవాడు సొమ్ము రాకముందూ తాగుతూనే ఉన్నాడు కదా!

మళ్ళీ మన ఊహా కుటుంబం దగ్గరికి వద్దాం. నెలకు 2,000 అంటే ఏడాదికి 24,000. జూన్ ఖర్చులో కొంత మే నెల నుంచే కూడబెట్టుకోవచ్చు. సావుకారు దగ్గర 6,000 బదులు 2,000 తీసుకుంటే చాలు. కార్తీకంలో బండి వచ్చినా నాలుగు మూటలు దాచుకోవచ్చు. ఇదంతా సొమ్ము తేదీకి పడితేనే. రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడితే మొత్తం తగ్గలేదు కాబట్టి నష్టమేముంది అనిపించవచ్చు. కాని ఆ రెండు నెలలూ ఇల్లు మళ్ళీ అప్పుతోనే నడిచింది, వచ్చిన సొమ్ము ఆ అప్పుకూ వడ్డీకీ పోయింది. గృహలక్ష్మి సొమ్ముకు ఇలాంటి ఆలస్యాలు జరిగాయి కూడా. అందుకే ఫలానా రోజు పడుతుందన్న భరోసాను సొమ్ములో భాగంగానే లెక్కపెట్టాలి.

ఇంకొక ప్రమాదం ఉంది. నెలనెలా సొమ్ము వచ్చే ఇల్లు అని తెలియగానే వారపు కంతుల మీద అప్పిచ్చేవారు గుమ్మం ముందుకు వస్తారు. నెలకు 2,000 వస్తుంది కదా, దాన్నే కంతుగా కట్టి పెద్ద అప్పు తీసుకోండి అంటారు. బోరు వేయించడానికి అలా తీసుకుని, నీళ్ళు పడక, కంతు మాత్రం మిగిలిన ఇళ్ళు ఉన్నాయి. వసూళ్ళ వేధింపులు మితిమీరడంతో 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఈ సొమ్ము బోరు బావికి చాలదు, ఎండిన చెరువునూ నింపదు. అది తిండికి, మందుకు, విత్తనానికి సరిపడే సొమ్ము.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. సరిహద్దు ఊళ్ళలో మన పేర్లు కన్నడంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంగ్లీషులో ఇంకో రకంగా ఉంటాయి. ఒకచోట ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోచోట అసలు ఉండదు. పహణీలో పేరు, ఆధార్ పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. తండ్రి పోయి పదేళ్ళయినా భూమి ఆయన పేరు మీదే ఉంటే ఫౌతి ఖాతా చేయించుకోవాలి. అన్నదమ్ముల మాట కుదరక అది ఆగిపోయిన ఇళ్ళే ఎక్కువ. అలాంటి ఇంట్లో చేను దున్నేవాడు కళ్ళెదుట ఉన్నా, రికార్డులో రైతు లేడు.

కౌలు రైతు మాట ఇంకా కష్టం. పి.ఎం. కిసాన్ సొమ్ము పట్టా ఉన్నవారికే. గుత్తకు చేసేవాడి చెమట ఆ లెక్కలోకి రాదు. ఒడిశాలో 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసి, భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు కూడా మేకలు, కోళ్ళ వంటివి పెంచుకోవడానికి 12,500 రూపాయలు ప్రకటించింది. రాయగడ, పర్లాకిమిడి వైపు శ్రోతలకు అది గుర్తుండే ఉంటుంది. ఇంటి యజమానురాలి పేరుతో వచ్చే సొమ్ము అయితే పట్టా అడగదు. గుత్త రైతు ఇంటికీ అది చేరుతుంది. మెట్ట పల్లెల్లో ఇవాళ భూమి లెక్కన వచ్చే సొమ్ము కంటే ఆమె పేరున వచ్చే సొమ్మే ఎక్కువ పొయ్యిలు వెలిగిస్తున్నది ఇందుకే.