అవతలి ఒడ్డు బాలయోగి



మాది సఖినేటిపల్లి. పొద్దున్నే పంటెక్కి వసిష్ఠ దాటి ఈ నరసాపురానికి చదువుకోడానికి వచ్చినవాణ్ణి. మా ఒడ్డు అప్పట్లో అమలాపురం ఎంపీ బాలయోగిదే కాబట్టి, ఈవేళ ఆయన మాటే చెబుతాను.

1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయీ ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269–270 తేడాతో పడిపోయింది. స్పీకర్ కుర్చీలో జి.ఎం.సి. బాలయోగి. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కోరాపుట్ ఎంపీగా మాత్రం రాజీనామా ఇవ్వలేదు. ఓటెయ్యడానికి వచ్చారు. సభలో గోల. స్పీకర్ ఆ విషయం ఆయన మనస్సాక్షికే వదిలేశారు.

జనం గమాంగ్ గురించే మాట్లాడతారు. నా లెక్క వేరు. ఆ ఓటు పడకపోతే 269–269. సమానమైతే రాజ్యాంగం ప్రకారం స్పీకరే ఓటెయ్యాలి. ఆయన పార్టీ తెలుగుదేశం ప్రభుత్వం వైపు ఉంది. గమాంగ్‌ని ఆపితే తీర్పు తన చేతికే వచ్చేది. ఆపలేదు.

నెల తిరిగేసరికి కార్గిల్. ఓడిన ప్రభుత్వమే ఆపద్ధర్మంగా యుద్ధం నడిపింది. మన మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఆ వేసవి ఎలా గడిచిందో వేరే చెప్పాలా!

అమెరికా అంతర్యుద్ధంలో మాత్రం ఓటుకి అడ్డుపడ్డవాడు ఒకడున్నాడు. సైనికులు శిబిరాల నుంచి ఓటేసే బిల్లును న్యూయార్క్ గవర్నరు సీమోర్ 1863లో వీటో చేశాడు. ఆ రాష్ట్ర రాజ్యాంగమే సవరించి ఆ హక్కు ఇచ్చారు. 1864లో ఏడు లక్షలు దాటిన ఓట్లలో పదివేలు కూడా లేని తేడాతో ఆయన ఓడిపోయాడు.

మళ్లీ 1999కి వస్తే, ఆ ఏడాది ఎన్నికల్లో ఇక్కడ మన మొగల్తూరు కృష్ణంరాజుగారు నెగ్గారు, తేడా పెద్దదే. అప్పట్లో మాస్టార్లకి లెక్కింపు డ్యూటీలు తప్పేవి కావు. నాకూ ఒక బల్ల దగ్గర పడింది. ఒక బ్యాలెట్టు మీద రెండు గుర్తుల దగ్గర ముద్రలు. పక్కాయన చెల్లదని పక్కన పెట్టబోయాడు. లైటు కింద పెట్టి చూశాను. స్వస్తిక్‌లాంటి ఆ ముద్ర కొమ్మలు ఒక వైపు తిరిగి ఉంటాయి. కాగితం మడతపెట్టినప్పుడు అంటుకున్న సిరా అద్దంలో బొమ్మలా ఎదురు తిరుగుతుంది. రెండోది అదే.

“ఏం చేద్దాం మాస్టారూ?” అన్నాడు.

చెల్లుతుందన్నాను. ఆ ఓటు పడింది నేను ఓటేసిన గుర్తుకి కాదు. కట్టలో పెట్టి తరవాతి కాగితం తీసుకున్నాను.