కాయే కదా, ఏం చేస్తుందిలే?

(సంఘం జిల్లా సదస్సులో, ఆరోగ్య హక్కుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిచయం చేస్తూ, జూనియర్ కాలేజీలో ఇరవయ్యారేళ్లు జంతుశాస్త్రం చెప్పిన మేడమ్ అన్నారు. అది నిజమే. ఆవిడకు తెలియని సంగతి ఇంకొకటుంది. నేను రెండేళ్లపాటు సన్నబడే బిళ్లలు అమ్మాను. ఈ రోజు మీ ముందు మాట్లాడడానికి చదువు కంటే అదే నాకు పెద్ద అర్హత అనుకుంటున్నాను.

2018లో మా స్టాఫ్‌రూములో ఒకావిడ నన్ను ఒక హోటల్లో మీటింగుకు తీసుకెళ్లింది. చైన్ పద్ధతి అన్నమాట. ముందు మనం డబ్బాలు కొనాలి, తర్వాత మన కింద ఇంకొకరిని చేర్చాలి. డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ. లోపల మలబారు చింత సారం, గ్రీన్ టీ సారం, గుగ్గులు. "మందు కాదు మేడమ్, ఆహారం" అన్నారు. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. మా వీధిలో పదకొండు మందికి అమ్మాను. నేనూ మింగాను. మూడు కిలోలు తగ్గాను కూడా. ఆ రోజుల్లో రాత్రి అన్నం మానేశానన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు.

ఆ పదకొండు మందిలో ఒకమ్మాయి జాకెట్లు కుట్టేది. ముప్పై నాలుగేళ్లు. రెండో కాన్పయ్యాక, ఆపరేషను కూడా అయ్యాక, కాస్త ఒళ్లు చేసింది. మొగుడు పదిమందిలో "మా పీపా" అని పిలిచేవాడు. ఒకసారి నా ఎదుటే పిలిస్తే నేనూ నవ్వాను. ఆ అమ్మాయి జాకెట్ల డబ్బులు దాచి, వాయిదాల మీద నా దగ్గర డబ్బాలు కొనుక్కుంది.

రెండో నెల దాటాక ఫోన్ చేసింది. అన్నం సయించడం లేదు, వికారంగా ఉంది, మూత్రం పచ్చగా వస్తోంది అంది. "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, రెండ్రోజులు ఓర్చుకో" అన్నాను. మీటింగులో మాకు నేర్పిన జవాబు అది. కాలేయం గురించి ఏటా పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేను!

కళ్లు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లని అత్తగారు పసరు పోయించింది. వారం గడిచాక ఆసుపత్రికి వెళ్లారు. "ఏమైనా మందులు వాడావా?" అని డాక్టరు అడిగితే లేదంది. అబద్ధం కాదు. అవి మందులు కావని నేనే కదా చెప్పింది! వైరస్ పరీక్షలన్నీ లేవనే వచ్చాయి. చివరికి ఇంట్లో డబ్బా చూసి వాళ్ల అన్న పట్టుకెళ్లి చూపించాడు. ఆపించారు. కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. కుట్టుమిషను తాకట్టుకి వెళ్లింది. బిళ్లా, పసరా, ఏది ఎంత చేసిందో డాక్టరు కచ్చితంగా చెప్పలేదు. మొదట అనుమానించాల్సింది మాత్రం బిళ్లనే అన్నారు.

అప్పుడు కూర్చుని చదివాను. అమ్మకముందు చదవాల్సినవి.

మలబారు చింత అంటే కేరళవాళ్లు చేపల పులుసులో వేసే కుడంపులి. అందులో పులుపునిచ్చేది హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లమని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ వాళ్లే 1965లో గుర్తించారు. మనం తిన్న పిండిపదార్థం ఎక్కువైతే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఆ మార్పుకు కావలసిన ఒక ఎంజైమును ఈ ఆమ్లం అడ్డుకుంటుంది. ఎలుకల్లో బాగానే పనిచేసింది. కానీ మామూలు తిండి తినే మనుషుల్లో ఆ దారిలో తయారయ్యే కొవ్వు తక్కువ. ఒంట్లో చేరేది ఎక్కువగా మనం తిన్న నూనె, నెయ్యిలోని కొవ్వే. సన్నదారికి గేటు పెట్టి, పెద్దదారి వదిలేసినట్టు.

1998లో అమెరికా వైద్యుల సంఘం పత్రికలో ఒక ప్రయోగం అచ్చయింది. 135 మంది, పన్నెండు వారాలు. అందరికీ ఒకే పథ్యం. సగం మందికి ఈ సారం, సగం మందికి అలాగే కనిపించే ఉత్త బిళ్ల. సారం తిన్నవాళ్లు సగటున 3.2 కిలోలు తగ్గారు, ఉత్త బిళ్లవాళ్లు 4.1 కిలోలు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదన్నారు. అంటే తగ్గించింది పథ్యమే. నా రాత్రి అన్నం సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

గ్రీన్ టీ "జీవక్రియను పెంచుతుంది" అంటారు. పూర్తి అబద్ధం కాదు. 1999లో వచ్చిన ఒక ప్రయోగంలో ఆ సారం తీసుకున్నవాళ్లు రోజంతటికీ ఖర్చుపెట్టే శక్తి నాలుగు శాతం పెరిగింది. అంటే దాదాపు ఎనభై కేలరీలు, ఒక పుల్కా. కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజూ అంతే పెరిగి, ఆకలి ఏమీ పెరగకపోతే, ఒక కిలో కరగడానికి మూడు నెలలు దాటుతుంది. ఇంతకీ ఆ ప్రయోగం చేసింది ఎవరి మీదో తెలుసా? పదిమంది మగవాళ్ల మీద. బిళ్లలు అమ్మేది మనకు.

టీ కాచుకు తాగడం వేరు, బస్తా ఆకుల్ని పిండి బిళ్లలో కూరడం వేరు. టీలోని ఒక ముఖ్య పదార్థాన్ని రోజుకు 800 మిల్లీగ్రాములో, అంతకు మించో బిళ్లలుగా తీసుకుంటే కాలేయానికి దెబ్బ తగిలే సూచనలున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. అమెరికాలో కాలేయ నిపుణులు 2022లో ప్రచురించిన పరిశీలనలో మలబారు చింత సారమున్న బిళ్లల వల్ల దెబ్బతిన్నవాళ్లూ కనిపించారు. చాలామందిలో ఒక ప్రత్యేక జన్యువు ఉందట. అందుకే పదిమందికి ఏమీ కాదు, పదకొండో మనిషికి అవుతుంది. ఆ పదకొండో మనిషి ఎవరో బిళ్ల మింగాకే తెలుస్తుంది.

బ్రస్సెల్స్ సంగతి ఒకటి చెప్పాలి. 1990-92 మధ్య బెల్జియం రాజధానిలో సన్నబడే చికిత్స చేసే ఒక క్లినిక్కులో చైనా మూలికలు కలిపిన బిళ్లలు ఇచ్చారు. వెళ్లినవాళ్లు దాదాపు అందరూ స్త్రీలే, చాలామంది చిన్నవయసు వాళ్లు. మూత్రపిండాలు ఒకరి తర్వాత ఒకరికి చెడిపోయాయి. 1993లో అక్కడి డాక్టర్లు దాన్ని బయటపెట్టారు. ఒక మూలిక బదులు, చైనా పేరు దాదాపు అలాగే ఉండే అరిస్టొలోకియా అనే ఇంకో మొక్క వేరు వచ్చి చేరింది. బాధితులు వందమందికి పైగా తేలారు. ఎంతోమందికి డయాలిసిస్సో మూత్రపిండ మార్పిడో తప్పలేదు. అంతటితో పోలేదు. ముందుజాగ్రత్తగా మూత్రపిండాలు, మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సరు బయటపడిందని 2000లో రాశారు. ఒక పేరు తారుమారైనందుకు!

మన దగ్గర చట్టాలు లేవా? ఉన్నాయి. మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం 1954లోనే వచ్చింది. ఫలానా జబ్బులు తగ్గిస్తామని ప్రకటించకూడదని దానికి జతచేసిన పట్టికలో స్థూలకాయం కూడా ఉంది. అయితే మందుకి ఆ చట్టమిచ్చిన నిర్వచనంలో శరీరం పనితీరును మార్చే వస్తువులని చెబుతూ "ఆహారం మినహా" అన్న మాటుంది. నాకు హోటల్లో నేర్పిన "మందు కాదు మేడమ్, ఆహారం" అన్న వాక్యం ఎంత తెలివైనదో ఇప్పుడు అర్థమైందా? ఆహారమనే చెబితే 2006 నాటి ఆహార భద్రతా చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా. ఇలాంటి పోషక సారాల మీద 2016లో ప్రత్యేక నిబంధనలొచ్చాయి. డబ్బా మీద "వైద్య అవసరాలకు కాదు" అని రాయాలి. ఏ భాషలో? ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలట. మనం అడగాల్సిన మొదటి హక్కు ఇదే. మింగేది తెలుగు మనిషైతే హెచ్చరిక తెలుగులో ఉండాలి.

2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం, నాలాంటి అమ్మకందారు గుర్తింపు కార్డు లేకుండా, ముందు అనుమతి అడగకుండా మీ గడప తొక్కకూడదు. నేను పెరటి గుమ్మంలోంచి, కూరగిన్నె చేతబట్టుకుని వెళ్లేదాన్ని.

మోసపోయామనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైను 1915. బిళ్ల వల్ల ఒంటికి ఏమైనా అయితే 1800-180-3024కు చెప్పొచ్చు. బిల్లు, డబ్బా పారేయకండి. డాక్టరు అడిగినా అడక్కపోయినా పొడి, బిళ్ల, పసరు, లేహ్యం అన్నీ పేరుపేరునా చెప్పండి.

కొవ్వు పెరిగితే ఏమీ కాదని నేననడం లేదు. షుగరూ, మోకాళ్ల నొప్పులూ నాకూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం స్త్రీలు అధిక బరువున్నట్టు తేలింది. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత. అందరూ తిన్నాక మిగిలిన అన్నం, మాడిన కూర తినే ఒళ్లు లావూ కావచ్చు, పాలిపోనూ వచ్చు. ఆమెకు కావలసింది గుడ్డు, పప్పు, నడవడానికి గంట తీరిక, నడిచేందుకు వెలుతురున్న చోటు. మా ఊళ్లో ఉన్న ఒక్క మైదానం సాయంత్రమైతే మగపిల్లల క్రికెట్టుది. ఆరు నుంచి ఏడు దాకా ఆడవాళ్లకు వదలమని మునిసిపాలిటీకి రెండుసార్లు అర్జీ పెట్టాం. ఇవాళ మూడోదాని మీద సంతకాలు తీసుకుంటున్నాం, కాగితం ద్వారం దగ్గరుంది.

ఆ పదకొండు మందిలో తొమ్మిదిమందికి డబ్బు తిరిగిచ్చేశాను. ఇద్దరు వద్దన్నారు. వాళ్లలో ఒకావిడ ఇప్పటికీ ఇంకొకరి దగ్గర అవే కొంటోంది. "నీ చేతి డబ్బా మంచిది కాదేమో, నాకేం కాలేదుగా" అంటుంది. జాకెట్ల అమ్మాయి మిషను విడిపించుకుంది. నాతో మాట్లాడుతుంది, కానీ నా జాకెట్లు మాత్రం కుట్టదు.

ఇదిగో, ఖాళీ డబ్బా ఒకటి తెచ్చాను. చేతులు మారుస్తూ అందరూ చూడండి. లైసెన్సు నంబరు పధ్నాలుగు అంకెలుండాలి, లెక్కపెట్టండి. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి, కళ్లజోళ్లున్నవాళ్లు పక్కవాళ్లకు చదివి పెట్టండి. ఆ తర్వాత ప్రశ్నలడగండి.