పిల్లల చేతిలో సెల్‌ఫోన్ – పెద్దల బాధ్యత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. తెలుగులో సభ ముందు మాట్లాడడం అలవాటు తక్కువ. తప్పులుంటే మన్నించగలరు. చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు మార్కుల సంగతి, ఉపకార వేతనాల సంగతి చెబుదామనుకొన్నాము. కాని మా బడిలో జరిగిన ఒక విషయం మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. దానిని మీ ముందు పెట్టడమే మేలని తోచింది.

ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె రంజాన్ పండుగనాడు కొత్త బట్టలు వేసుకొని ఫోటో దిగింది. ఆ ఫోటోను ఆమె ఖాలా కూతురు తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకొన్నది. ఎవరో దానిని తీసుకొని, ముఖం మీద పిచ్చిగీతలు గీసి, కింద చెప్పరాని మాట ఒకటి రాసి, బడిపిల్లల గ్రూపులో వదిలారు. రాత్రి వదిలితే తెల్లారేసరికి రెండు మూడు వీధులు తిరిగి వచ్చింది.

మర్నాడు ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి మాతో చెప్పుకొన్నది. అప్పుడు మేమన్న మొదటి మాట దాచకుండా చెప్తున్నాము. "అసలు నీ ఫోటో ఎందుకు పెట్టనిచ్చావు బేటీ?" అన్నాము. అంతే. తల వంచుకొని వెళ్ళిపోయింది. తర్వాత తొమ్మిది రోజులు బడికి రాలేదు. జ్వరమని కబురు పంపారు. పదో రోజు తండ్రి వచ్చి టి.సి. ఇమ్మన్నాడు. "ఆడపిల్ల సార్. చదివింది చాలు. ఫోను కూడా పగలగొట్టేశాను" అన్నాడు.

చేసినవాడు రోజూ బడికి వస్తూనే ఉన్నాడు. ఏ పాపమూ ఎరుగని పిల్లకు ఫోనూ పోయింది, చదువూ పోయేటట్టున్నది. ఆ శిక్ష మొదలుపెట్టింది మా నోటి మాటే కదా అని మాకప్పుడు తెలిసివచ్చింది.

ఆ సాయంత్రమే మా బడిలోని ఒక టీచరమ్మను వెంటబెట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళాము. తల్లిదండ్రుల ఎదుటనే ఆ పిల్లతో "తప్పు మాది, నీది కాదు" అని చెప్పాము. అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. దొంగపేరుతో తెరిచిన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఒకటి అంతకు నెల రోజుల ముందు నుంచే ఆమెను వేధిస్తున్నదట. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెబితే బడి మాన్పిస్తారని భయమేసింది సార్" అన్నది. నెల రోజులు ఆ బరువు ఒక్కతే మోసింది. చివరికి ఆమె భయపడ్డదే జరగబోయింది.

సోదరులారా! 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్లలోకి వెళ్ళాయి. అంతకుముందు ఫోను ముట్టుకొంటే కేకలేసిన మనమే, అప్పు చేసి మరీ పిల్లల చేతికి ఫోను కొనిచ్చాము. రోడ్డు దాటేటప్పుడు బిడ్డ చేయి పట్టుకొన్నవాళ్ళం, ఇంటర్నెట్ అనే ఇంత పెద్ద బజారులోకి మాత్రం చేయి వదిలి పంపాము. పిల్లలను తిట్టే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మేము తరగతిలో ఏమి నేర్పుతున్నామో చెప్తాము. ఇంట్లో మీరు కూడా నేర్పవచ్చు.

మొదటిది, ఎవరైనా వేధిస్తే బదులు తిట్టవద్దు, భయపడి చెరిపేయనూ వద్దు. ఆ సందేశం, పంపినవారి పేరు, నంబరు, తేదీ కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. ఆ తర్వాతనే బ్లాక్ చేయాలి. చెరిపేస్తే రేపు రుజువు చూపించడం కష్టమవుతుంది. అయితే ఫోటో అసభ్యమైనదైతే దానిని ఇంకొకరికి పంపకూడదు. నమ్మకమైన పెద్దవారికి ఫోను చూపితే చాలు.

రెండవది, పాస్‌వర్డు, ఓ.టి.పి. ప్రాణస్నేహితునికి కూడా చెప్పరాదు. వాట్సాప్‌లో ప్రొఫైలు ఫోటో ఎవరికి కనబడాలి, మనల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అనే అమరికలు ఉన్నాయి. వాటిని 'నా కాంటాక్ట్‌లు' అని మార్చుకోవాలి. ఆరంకెల పిన్‌తో రెండంచెల తాళం కూడా వేసుకోవచ్చు. ఇదంతా అయిదు నిమిషాల పని.

మూడవది, ఇన్‌స్టాగ్రామ్ వంటివాటిలో ఖాతాకు కనీస వయస్సు 13 ఏండ్లని ఆ కంపెనీలవారే నియమం పెట్టారు. నాలుగో తరగతి పిల్లవాని వయస్సు మార్చి వేసి ఖాతా తెరిచిపెట్టేది మన ఇండ్లలోని అన్నలే, చాచాలే. అది ముద్దు అనుకోవద్దు.

నాల్గవది ముఖ్యంగా మగపిల్లలకు. మా బడిలో ఆ పని చేసినవాడు పదో తరగతి కుర్రవాడని తేలింది. లెక్కల్లో చురుకైనవాడు. "అందరూ నవ్వుతారని చేశాను సార్" అన్నాడు. ఎగతాళి చేయవద్దనీ, చెడ్డపేర్లు పెట్టి పిలువవద్దనీ సూరె హుజురాత్‌లో ఉన్నదని వానికి తెలుసు. ఫోనులో పెట్టే పేరు కూడా పేరేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. పంపినవానితో పాటు చూసి నవ్వినవాడు, ముందుకు తోసినవాడు కూడా అందులో భాగస్తులే.

ఇది ఎంతదూరం పోతుందో మన సముదాయానికి వేరే చెప్పనక్కరలేదు. 2021 జులైలో 'సుల్లి డీల్స్' అనీ, 2022 జనవరిలో 'బుల్లి బాయి' అనీ యాప్‌లు పెట్టి, ఎందరో ముస్లిం మహిళల ఫోటోలను వేలానికి పెట్టినట్టు చూపి అవమానించారు. 'బుల్లి బాయి' కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో 18 ఏండ్ల అమ్మాయి ఉన్నది, 21 ఏండ్ల ఇంజనీరింగు విద్యార్థులు ఉన్నారు. అంత చిన్న వయస్సువాళ్ళు! బాధితులైన మహిళలు మాత్రం ముఖం చాటేసుకొని కూర్చోలేదు. బయటికి వచ్చి మాట్లాడారు, పోలీసులకు ఫిర్యాదు చేశారు. వాళ్ళు నోరు విప్పబట్టే కేసులు కదిలాయి.

చట్టం కూడా మన పక్షాన ఉన్నది. 2000 నాటి ఐ.టి. చట్టంలోని 66-ఇ సెక్షను ప్రకారం, ఒకరి ఆంతరంగిక శరీర చిత్రాన్ని అనుమతి లేకుండా తీసినా, పంపినా మూడేండ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. పిల్లల అసభ్య చిత్రాలైతే 67-బి సెక్షను కింద మొదటిసారికే అయిదేండ్ల వరకు జైలు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, డబ్బు మోసాలకు 1930, తక్షణ సహాయానికి 112 నంబర్లు ఉన్నాయి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. మైనరు పిల్లల అసభ్య ఫోటోలు వ్యాపించకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉన్నది. అందులో ఫోటో మన ఫోను దాటి బయటికి పోదు. దాని గుర్తు మాత్రమే, వేలిముద్ర వంటిది, ఆ సేవలో చేరిన కంపెనీలకు వెళ్తుంది.

ఇన్ని ఉన్నా, బిడ్డ మొదట వచ్చి నోరు తెరవాలి గదా! ఆ నోరు తెరిపించేది పోలీసులు కాదు, చట్టం కాదు. అమ్మీ, అబ్బా. ఆ తర్వాత మేము, పంతుళ్ళము. అందుచేత మీకు మా మనవి ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి, ఏమీ జరగకముందే పిల్లలను కూర్చోబెట్టుకొని, "ఫోనులో ఎవరైనా ఏమైనా అంటే మాకు చెప్పు. నీ చదువు మాన్పించము, నిన్ను కొట్టము" అని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఎందుకు పెట్టావు, ఎందుకు చూశావు అనే ప్రశ్నలు తర్వాత అడగవచ్చు. మొదట మాత్రం "చెప్పి మంచిపని చేశావు" అనండి. మేము అనలేకపోయిన మాట అదే.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. టి.సి. మేము ఇవ్వలేదు. రుజువులు దాచిపెట్టి, కుర్రవాని తండ్రిని పిలిపించి, అందరి ఫోన్లలో ఆ ఫోటో తీసివేయించాము. ఆ కుర్రవాడు రెండు కుటుంబాల ఎదుట క్షమాపణ అడిగాడు. వానిని కూడా బడి నుంచి వెళ్ళగొట్టలేదు. వెళ్ళగొడితే నేర్పేదెవరు? అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నది. ఇంకా గ్రూపు ఫోటోలో నిలబడమంటే వెనక వరుసలోకి పోతుంది. అది చూసినప్పుడల్లా మాకు మా మొదటి మాట గుర్తుకొస్తుంది.

సంఘం వారు ఏడాదికి రెండుసార్లయినా తల్లులకు, తండ్రులకు ఈ విషయం మీద తరగతి పెట్టాలని కోరుతున్నాము. చెప్పడానికి మేము సిద్ధం.