ఫుకువోకాకు చేరిన ఆటగాడు, చేరలేకపోతున్న మన పిల్లలు

(గుంటూరులో ముస్లిం యువకులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య, ఉపాధి, వక్ఫ్ ఆస్తులు వంటి విషయాలపై మాట్లాడే వేదికపై నన్ను వీడియో ఆటల గురించి మాట్లాడమన్నారు. కొందరు పెద్దల ముఖాల్లో చిరునవ్వు కనిపిస్తోంది. ముప్ఫై ఏళ్లు పాఠశాలలో పనిచేసినవాణ్ని. ఆటల దుకాణాల్లో దొరికిన విద్యార్థుల చెవులు మెలిపెట్టినవాణ్ని. ఆ చిరునవ్వు నాకు అర్థమవుతుంది.

అయినా 2019 ఫిబ్రవరిలో జపాన్ దేశపు ఫుకువోకా నగరంలో జరిగిన ఒక సంఘటనను మీ ముందుంచాలి. ఈవో జపాన్ అనే పోటీలో టెక్కెన్ ఆట బరిలోకి లాహోర్ నుంచి ఒక యువకుడు వచ్చాడు. పేరు అర్సలాన్ సిద్దీఖ్. ఆటలోకంలో అర్సలాన్ యాష్ అంటారు. అంతకుముందు ప్రపంచ స్థాయి టెక్కెన్ వేదికలపై అతణ్ని ఎరిగినవారు దాదాపు లేరు. వీసా చిక్కులు దాటుకొని, దారిలో విమానాలు తప్పిపోయి, చేతిలో ఉన్న పాకిస్తాన్ రూపాయలను మార్చేవారు దొరక్క, నిద్రా తిండీ సరిగా లేకుండా అక్కడికి చేరుకున్నానని తరువాత అతడే చెప్పుకున్నాడు. అలా చేరినవాడు కొరియా, జపాన్ దిగ్గజాలున్న బరిలో చివరిదాకా నిలిచి, తుది పోరులో ఫిలిప్పీన్స్‌కు చెందిన ‘ఏకే’ అనే ప్రఖ్యాత ఆటగాణ్ని ఓడించి విజేత అయ్యాడు.

గెలిచాక అతడన్న మాట ఆ లోకాన్ని ఇంకా ఆశ్చర్యపరిచింది. మా దేశంలో నాతో సమానమైన ఆటగాళ్లు ఇంకా ఉన్నారు, వారిని మీరెవరూ చూడలేదు అన్నాడు. వినయంతోనో గొప్ప కోసమో అన్నాడని చాలామంది అనుకొని ఉంటారు. కాని ఆ ఏడాదే కొరియా దిగ్గజం బే జే-మిన్ స్వయంగా పాకిస్తాన్ వెళ్లి ఆడివచ్చాడు. ఆ మాటలో అతిశయోక్తి లేదని అక్కడ తెలిసింది. ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన ఈవో తుది పోరులో అర్సలాన్ ఆ బే జే-మిన్‌నే ఓడించాడు. ఒకే ఏడాదిలో రెండు ఈవో కిరీటాలు. 2023 ఆరంభంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ముగిసిన టెక్కెన్ వరల్డ్ టూర్ తుది పోటీలో అతిఫ్ బట్ అనే మరో పాకిస్తానీ గెలిచాడు. 2023లో అర్సలాన్ మళ్లీ జపాన్‌లోనూ, అమెరికాలోనూ గెలిచాడు. అదే ఏడాది లాస్ వేగాస్‌లో స్ట్రీట్ ఫైటర్ 6 విజేత ‘యాంగ్రీబర్డ్’ అనే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆటగాడు. 2024 జనవరిలో టెక్కెన్ ఎనిమిదో భాగం విడుదలైంది. ఆట మారింది, పాత లెక్కలు చెల్లలేదు. ఆ వేసవిలో లాస్ వేగాస్‌లో ఆ కొత్త ఆటలోనూ అర్సలానే గెలిచాడు.

పెద్దలకు ఒక మాట వివరించాలి. ఈ ఆటలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా తలపడతారు. తెరపై బొమ్మ సెకనుకు అరవై సార్లు మారుతుంది. ఒక్కో మార్పును ఫ్రేము అంటారు. టెక్కెన్‌లో వేగవంతమైన పిడిగుద్దు పది ఫ్రేములలో, అంటే సెకనులో ఆరో వంతులో తగులుతుంది. దాన్ని కంటితో చూసి చేతితో ఆపడం మానవమాత్రులకు సాధ్యం కాదు. నెమ్మదిగా వచ్చే దెబ్బలను మాత్రమే చూసి ఆపగలం. మిగిలినవన్నీ ముందే ఊహించాలి. ఎదుటివాడు భయపడినప్పుడు ఏం చేస్తాడు, గెలుస్తున్నప్పుడు ఏం చేస్తాడు, ఒకసారి మోసపోయాక రెండోసారి ఎటు జరుగుతాడు? ఇది మనిషిని చదివే విద్య. ముప్ఫైకి పైగా పాత్రలు, ఒక్కో పాత్రకు పదుల కొద్దీ కదలికలు, ఏ కదలిక తరువాత ఎవరిది పైచేయి అనే లెక్క. దీన్ని యంత్రంతో ఒంటరిగా ఆడి నేర్వలేరు. తనకన్నా గట్టివాళ్లతో రోజూ ఓడిపోతూ నేర్వాలి. లాహోర్ రహస్యం అదే. నాణెం వేసి ఆడే దుకాణాలలో, ఓడినవాడు లేచి మరొకరికి చోటివ్వాల్సిన చోట, ఒక తరం మొత్తం ఒకరినొకరు పదును పెట్టుకుంది. బయటి ప్రపంచానికి ఆ సంగతి తెలియలేదు, వారెవరూ బయటకు రాలేదు గనుక.

ఇక పోటీ నడిచే తీరు. ఈవోలో ఎంపిక సంఘం ఉండదు. ప్రవేశ రుసుము కట్టిన ఎవరైనా బరిలోకి దిగవచ్చు. నిన్నటి విజేతా, ఈ రోజు మొదటిసారి వచ్చినవాడూ ఒకే పట్టికలో ఉంటారు. ఒకసారి ఓడితే పోటీ నుంచి పంపేయరు. ఓడినవారి వరుసలో మరో అవకాశమిస్తారు. రెండోసారి ఓడితేనే నిష్క్రమణ. ఆ వరుసలో పడి, అక్కడి నుంచి పైకి వచ్చి, తుది పోరులో రెండు ఆటలు గెలిచి విజేతలైనవారూ ఉన్నారు. సిఫారసు లేని చోటు, ఎవరి కుమారుడివని అడగని చోటు ఎంత అరుదో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

అయితే ఆ బరి దాకా చేరాలి కదా. అక్కడ మాత్రం పేరు అడుగుతారు.

ఇది నా ఇంటి సంగతి. నా మేనల్లుడు ఇంటర్నెట్‌లో జరిగిన అర్హత పోటీలలో గెలిచి విదేశంలో జరిగే ఒక పోటీకి అర్హుడయ్యాడు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేశాడు. మామూలు పాస్‌పోర్టుకు రుసుము 1500 రూపాయలు, అది పెద్ద అడ్డంకి కాలేదు. అడ్డంకి ‘షేక్’ అనే మాట. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంగ్లీషులో ఆ మాట ఒక తీరుగా, ఆధార్‌లో చివర ఒక అక్షరం ఎక్కువగా, తండ్రిగారి పత్రాలలో మరో తీరుగా ఉంది. ఒకచోట షేక్ ముందు వచ్చింది, మరోచోట ఇంటిపేరు గడిలోకి వెళ్లింది, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరంగా మిగిలింది. విచారణకు వచ్చిన ఉద్యోగి ఈ ముగ్గురూ ఒకరేనని రుజువు తెమ్మన్నాడు. ఎందుకు వెళ్తున్నావంటే, ఆట ఆడటానికి అన్నాడు మావాడు. ఆ జవాబు ఎవరికీ నమ్మశక్యంగా తోచలేదు. ఒకటికి నాలుగుసార్లు తిరిగాడు. పాస్‌పోర్టు చేతికి వచ్చే నాటికి అక్కడ పోటీ ముగిసి, విజేతల ఫొటోలు కూడా వచ్చేశాయి. వాడు ఆ ఫొటోలు నాకు చూపిస్తూ, “మామూ, వీణ్ని నేను రెండుసార్లు ఓడించాను” అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

ఆ ఉద్యోగిపై నాకు కోపం లేదు. పుట్టిన నాటి నుంచి ఒకే అక్షరక్రమం పాటించని తప్పు మన ఇళ్లదీ, పాఠశాలలదీ. వాటిలో నేను పనిచేసిన పాఠశాలా ఉంది. హాజరుపట్టీలో సయ్యద్‌ను, షేక్‌ను, పఠాన్‌ను నాకు తోచినట్లు రాసిన చేతులివి. అప్పుడు ఆ ఒక్క అక్షరం ఒక పిల్లవాడి విమానాన్ని ఆపుతుందని తెలియదు.

ఇప్పుడు మరో విషయం. కొంచెం జాగ్రత్తగా మాట్లాడవలసిన విషయమే గాని, మాట్లాడక తప్పదు. నేను ఒక పాకిస్తానీ ఆటగాణ్ని ఇంతసేపు మెచ్చుకున్నాను. ఇక్కడ కూర్చున్న కొందరికి లోలోపల ఆందోళన కలిగి ఉండవచ్చు. ఆ ఆందోళనకు కారణం ఉంది. 2021 అక్టోబరులో టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ చేతిలో మనం ఓడినప్పుడు, దేశం కోసం ప్రాణం పెట్టి బంతి వేసే మహమ్మద్ షమీని మతం పేరుతో ఎంత దూషించారో చూశాం. నాటి కెప్టెన్ విరాట్ కోహ్లీ విలేకరుల ముందు షమీ పక్షాన నిలబడి, మతాన్ని బట్టి మనిషిని దాడి చేయడాన్ని తీవ్రంగా ఖండించాడు. ఆ రోజు అతడు చూపిన ధైర్యాన్ని మరవకూడదు. అదే మ్యాచ్ తరువాత ఆగ్రాలో చదువుకుంటున్న ముగ్గురు కాశ్మీరీ విద్యార్థులను పాకిస్తాన్ విజయాన్ని హర్షించారనే ఆరోపణపై అరెస్టు చేసి, రాజద్రోహం సెక్షను కూడా మోపారు. అలహాబాద్ హైకోర్టు వారికి బెయిలు ఇచ్చేసరికి 2022 మార్చి నెల వచ్చింది.

కొరియా ఆటగాణ్ని మెచ్చుకున్న తెలుగు కుర్రవాణ్ని ఎవరూ ఏమీ అనరు. జపాన్‌కు చెందిన దైగో ఉమెహరా 2004లో అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ వేసిన వరుస దెబ్బలన్నీ ఒక్కటి వదలకుండా అడ్డుకున్న ఆ క్షణాన్ని ఈనాటికీ ప్రపంచమంతా చూసి చప్పట్లు కొడుతుంది, మన పిల్లలూ కొడతారు. అర్సలాన్ ఆటకు చప్పట్లు కొట్టడానికి మాత్రం అటూ ఇటూ చూడాలా? ఆటలో నేర్పును మెచ్చుకోవడం దేశభక్తికి పరీక్ష కాకూడదు. ఈ మాట రాజ్యాంగాన్ని నమ్మే భారతీయ పౌరుడిగా అంటున్నాను, ఎవరినో ఒప్పించడానికి మెత్తబరచి చెప్పబోను. అయితే యువకులారా, మీరు సామాజిక మాధ్యమాలలో రాసే ప్రతి పంక్తినీ ఎవరో భద్రపరుస్తున్నారని గుర్తుంచుకోండి. ధైర్యం వేరు, తొందరపాటు వేరు.

మన దేశంలోనూ ద్వారాలు తెరుచుకుంటున్నాయి. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడా పోటీలలో భాగంగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఇవి తొలిసారి పతకాల క్రీడలయ్యాయి. స్ట్రీట్ ఫైటర్ బరిలో మన దేశం తరఫున ఇద్దరు ఆడారు. స్వర్ణం కొరియాకు చెందిన కిమ్ గ్వాన్-వూకు దక్కింది. ఆయన వయసు అప్పటికి నలభై నాలుగేళ్లు! ఇక 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరు చేసింది.

పందెం అన్న మాట వచ్చింది గనుక ధర్మం సంగతీ చెప్పాలి. జూదాన్ని ఖుర్ఆన్ నిషేధించింది, అందులో సందేహానికి తావు లేదు. కాని ఆటగాళ్లు కట్టిన ప్రవేశ రుసుమే పోగై విజేతకు బహుమతిగా వెళ్లే పద్ధతి ఈ పోటీలలో ఉంది. అది ఏ కోవలోకి వస్తుంది, ప్రాయోజకులు ఇచ్చే బహుమతి ఏ కోవలోకి వస్తుంది అనేది ఉలమాను అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న. నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాను. పిల్లవాణ్ని కొట్టే ముందు ఆ ప్రశ్నను మస్జిదులో అడగండి అని మాత్రం తల్లిదండ్రులను కోరుతున్నాను. పిల్లలకూ ఒక మాట. నమాజు వేళ దాటించి, పరీక్షలు వదిలి, రాత్రంతా ఆడేవాడు అర్సలాన్ కాలేడు. వేలమంది ఆడితే ఒకరికి జీవనోపాధి దొరకడం కూడా కష్టమే. డిగ్రీ చేతిలో ఉంచుకొని ఆడండి.

ఆడపిల్లల గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. మన పట్టణాల ఆటల దుకాణాలలోకి ఆడపిల్ల అడుగు పెట్టే వాతావరణం లేదు. అమెరికాకు చెందిన నల్లజాతి యువతి జీనెల్ కార్టర్ టెక్కెన్‌లో వృత్తి క్రీడాకారిణిగా నిలబడింది. ఈ ఆటలో భుజబలంతో పనిలేదు, పర్దాతో ఇబ్బంది లేదు. ఇంట్లో అన్నకు దొరికే ఆ రెండు గంటలు చెల్లెలికీ దొరికితే ఏమవుతుందో చూడాలని నాకు కోరిక.

ఇక నా విన్నపం. ఈ సమావేశ మందిరం బయట ఒక బల్ల వేయించాం. ఇద్దరు న్యాయవాద మిత్రులు, ఒక మీ-సేవా నిర్వాహకుడు అక్కడ ఉంటారు. మీ పిల్లల జనన ధ్రువపత్రం, మార్కుల జాబితా, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఒక్కలా ఉన్నాయా? లేకపోతే ఈ రోజే దరఖాస్తు రాయించండి. పదో తరగతి పరీక్షకు వివరాలు పంపే ముందు దిద్దుకోవడం తేలిక, మార్కుల జాబితా వచ్చాక చాలా కష్టం. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ముందు వరుసలోకి రండి. నా మేనల్లుడు కూడా ఆ బల్ల దగ్గరే ఉంటాడు. ఏ పత్రానికి ఏ పత్రం జతచేయాలో ఈ ఊళ్లో వాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మగ్రిబ్ వేళ అవుతోంది. సెలవు తీసుకుంటాను.