కేసుల్లో ఉన్నవాళ్లు పత్రికల వాళ్లతో ఎలా మాట్లాడాలి?

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర అడిగితే కేసు. భూమి ఇవ్వమంటే కేసు. రోడ్డు మీద బైఠాయిస్తే కేసు. దారికి అడ్డం కూర్చున్నారని ఒక సెక్షను, అధికారి విధులకు ఆటంకం కలిగించారని ఇంకో సెక్షను. వాయిదాలకు తిరిగేవాళ్లు ఈ హాలులోనే ఎందరో ఉన్నారు. కోర్టులో ఏం చెప్పాలో వకీలు చెబుతాడు. కోర్టు మెట్లు దిగగానే ఎదురయ్యే మైకు ముందు ఏం చెప్పాలో మనమే నేర్చుకోవాలి.

మనవాళ్లు ఈ విషయంలో రెండు రకాలుగా నష్టపోతున్నారు. కొందరు భయపడి నోరు విప్పరు. అప్పుడు తెల్లారి జిల్లా పేజీలో పోలీసులు చెప్పిందే అచ్చవుతుంది. ఇంకొందరు కోపంలో "అవును, మేమే గేటు విరగ్గొట్టాం, ఏం చేసుకుంటారో చేసుకోండి" అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ వీడియో చార్జిషీటుకు జతవుతుంది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా ఆ మాటను కోర్టులో మన మీద రుజువుగా వాడకూడదు. పాత సాక్ష్య చట్టంలోనూ, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఈ రక్షణ ఉంది. బయట తిరుగుతూ మనంతట మనం మైకు ముందు చెప్పినదానికి ఆ రక్షణ లేదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియో కూడా అంతే.

అలాగని పత్రికలకు దూరంగా ఉండమని మేము చెప్పడం లేదు. 2017లో ఖమ్మం మార్కెట్ యార్డు గుర్తుంది కదా. మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడ్డారు. పది మంది రైతులను అరెస్టు చేసి, మే నెలలో బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. మామూలుగా బేడీలు వేయకూడదని, వేయాలంటే తగిన కారణం చూపాలని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. బేడీల ఫొటోలు పత్రికల్లో వచ్చాకే రాష్ట్రమంతా కదిలింది, పోలీసు అధికారులు సస్పెండ్ అయ్యారు. అయితే ఆ ఫొటోలు బెయిలు ఇవ్వలేదు. బెయిలు కోర్టులో వాదించి తెచ్చుకోవాల్సిందే. పత్రిక చేసే పని వేరు, కోర్టు చేసే పని వేరు.

రెండో ఉదాహరణ గుజరాత్‌ది. 2019లో తమ రకం బంగాళాదుంప పండించారని పెప్సీకో కంపెనీ నలుగురు రైతుల మీద దావా వేసింది. ఒక్కొక్కరి నుంచి 1.05 కోట్ల రూపాయలు అడిగింది. మూడు నాలుగు ఎకరాల రైతులు వాళ్లు. రైతు సంఘాలు పత్రికలకు ఒకే మాట చెప్పాయి: 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షను ప్రకారం, బ్రాండు పేరుతో అమ్మనంత వరకు, విత్తనం దాచుకునే, విత్తుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఉంది. దేశమంతా ఆ ఒక్క మాటే మోగింది. మే నెలలో కంపెనీ దావాలు వెనక్కి తీసుకుంది. ఎవరి చేలో ఏ దుంప ఉందన్న తగువులోకి దిగకుండా చట్టాన్ని, హక్కును పట్టుకున్నారు కాబట్టే ఆ మాట నిలబడింది.

ఈ రెండు అనుభవాల నుంచి మనం పాటించాల్సినవి చెబుతాం.

ఒకటి: కేసులో పేరున్న మనిషి ఘటన గురించి మాట్లాడకూడదు. ఎవరు ముందున్నారు, ఎవరు రాయి వేశారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అనేవి కోర్టులో తేలాల్సినవి. సమస్య గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు. క్వింటాలుకు ఎంత ఖర్చయింది, యార్డులో ఎంత ఇచ్చారు, ఎంత భూమి పోతోంది, ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. ఘటన గురించి గుచ్చి గుచ్చి అడిగితే "అది కోర్టులో ఉంది, మా వకీలు చెబుతారు" అని ఆగిపోవాలి.

రెండు: మండలానికి ఒకరు, జిల్లాకు ఒకరు మాట్లాడాలి. ఆ ఇద్దరి మీద ఆ కేసు ఉండకూడదు. పది మంది పది రకాలుగా చెబితే విలేకరి పదకొండోది రాస్తాడు.

మూడు: చేతిలో కాగితం ఉండాలి. సున్నితమైన కేసులు తప్ప, ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆ కాపీ, యార్డు తక్‌పట్టీ, భూసేకరణ నోటీసు జతచేసి, ఒక పేజీ మించకుండా ప్రెస్ నోట్ ఇవ్వండి. మండల విలేకరి సాయంత్రానికి వార్త పంపాలి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి మన వార్త రాలేదని అతని మీద కోప్పడితే లాభం లేదు.

నాలుగు: జడ్జి గారి మీద మాట జారొద్దు. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం కింద ఆరు నెలల వరకు జైలు వేయవచ్చు. తీర్పు వచ్చాక దాని మంచిచెడ్డలు న్యాయంగా విమర్శించే హక్కు అదే చట్టంలో ఉంది. బెయిలు షరతుల్లో ఏముందో కూడా ముందే చదివించుకోండి.

ఐదు: ఇంట్లోవాళ్లను కాపాడుకోవాలి. భర్త జైలుకు పోయిన ఆడబిడ్డ ముందు కెమెరా పెట్టి ఏడ్చేదాకా అడుగుతారు. ఆమెకు ఇష్టం లేకపోతే ఇంటర్వ్యూ లేదని మనమే చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు కేసులో ఉంటే పేరు, ఫొటో, ఊరు బయటపెట్టడమే నేరం. మన గ్రూపుల్లో కూడా పెట్టొద్దు.

ఆరోది మనం అసలు పట్టించుకోనిది. అరెస్టు వార్త ఫొటోతో వస్తుంది. నాలుగేళ్ల తర్వాత కేసు కొట్టేస్తే ఎవరూ రాయరు. ఊళ్లో మాత్రం ఆ మనిషి కేసు ఉన్నవాడుగానే మిగిలిపోతాడు. కొడుక్కి సంబంధం చూడబోతే అదే మాట, బ్యాంకు అప్పుకు పోతే అదే మాట. అందుకని కేసు కొట్టేసిన రోజే తీర్పు కాపీ తీసుకుని, అరెస్టు వార్త వేసిన ప్రతి పత్రిక ఆఫీసుకూ వెళ్లాలి. అప్పుడు ఎంత పెద్దగా వేశారో ఇప్పుడూ అంత వేయమని అడగాలి. తప్పు వార్త వేసి సవరించకపోతే ముందు ఎడిటర్‌కు రాతపూర్వకంగా రాయండి. అప్పటికీ కదలకపోతే దినపత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వార్త వచ్చిన రెండు నెలల్లోపే చేయాలి. టీవీ చానళ్లు దాని కిందికి రావు.

విలేకరులను శత్రువులుగా చూడొద్దు. మండలాల్లో వార్తలు పంపేవాళ్లు చాలామంది మన ఊళ్ల పిల్లలే, చాలీచాలని డబ్బుకు పనిచేసేవాళ్లే. కేసు లేని రోజుల్లో కూడా వాళ్లకు పంట సంగతులు, ధరలు చెబుతూ ఉంటే, కేసు పడ్డ రోజు మన మాట కూడా వింటారు.

చివరగా కమిటీలకు ఒక విజ్ఞప్తి. వచ్చే నెల సమావేశానికి ప్రతి మండల కమిటీ ఇద్దరి పేర్లు రాసి తేవాలి: పత్రికలతో మాట్లాడేది ఎవరు, వకీలుతో మాట్లాడేది ఎవరు. దాంతోపాటు గత ఐదేళ్లలో కొట్టేసిన కేసుల జాబితా, తీర్పు కాపీలు తేవాలి. ఆ రైతుల పేర్లు మీద పడ్డ మచ్చ తుడిచే పని అక్కడి నుంచే మొదలుపెడదాం.